మన ఊరి తేదీలతో ‘చరిత్రలో ఈ రోజు’ బోర్డు ఎలా నడపాలి

డిసెంబర్ 7న ఏం జరిగిందో ఫోన్లో వెతికి చూడండి, ఎక్కడైనా మొదట కనిపించేది పెర్ల్ హార్బరే. 1941లో జపాన్ విమానాలు అమెరికా నౌకల మీద బాంబులు వేసిన రోజు, పెద్ద సంఘటనే, కాదనలేం. కానీ అదే డిసెంబర్ 7న, 1782లో, ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం మధ్యలో మైసూరు హైదర్ అలీ కన్నుమూసింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో వేసుకున్న శిబిరంలో అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? వాళ్ళకి పెర్ల్ హార్బర్ తెలియాలి, దానితోపాటు బస్సెక్కి వెళ్ళి చూసి రాగలిగే దూరంలో జరిగింది కూడా తెలియాలి. అందుకే తిరుపతిలోనో చిత్తూరులోనో మీ స్కూల్లో, కాలేజీలో, అపార్ట్‌మెంట్ కింద లిఫ్ట్ పక్కన, వీధి లైబ్రరీ గోడ మీద రోజూ ఒక బోర్డు రాయాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నెట్‌లో దొరికిన జాబితా దించి రాయడానికి ఐదు నిమిషాలు చాలు, దానికి గైడ్ అక్కర్లేదు. మన ఊరి తేదీలు వెతికి, సరిచూసి, నలుగురూ ఆగి చదివేలా రాయడానికే కొంచెం పద్ధతి కావాలి.

ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి

మూడు వందల అరవై ఆరు పేజీలు కావాలి, ఫిబ్రవరి 29కి కూడా పేజీ ఉండాలి. ఒక పుస్తకంలో సరిపోకపోతే నెలల వారీగా రెండు మూడు పెట్టుకోండి. ఒక్కో పేజీ మీద ఒక్కో తేదీ, సంవత్సరం వేయకుండా. పేజీని నిలువుగా రెండుగా గీసి ఎడమవైపు ఏం జరిగిందో, కుడివైపు అది మీకు ఎక్కడ దొరికిందో రాయండి, పుస్తకమైతే పేజీ నంబరుతో సహా, శిలాఫలకమైతే ఏ వీధిలో ఏ గోడ మీదో. ఈ కుడివైపు గడి ఖాళీగా ఉన్న సంగతి బోర్డు మీదకి ఎక్కకూడదు, ఇదొక్కటి గట్టిగా పెట్టుకోండి. ఎవరైనా వచ్చి “ఈ తేదీ మీకెవరు చెప్పారు?” అని అడిగితే పుస్తకం తెరిచి చూపించగలగాలి. ఫోన్లో ఎక్సెల్ షీట్ పెట్టుకుంటే వెతకడం సులువు, పెట్టుకోండి, కానీ కాగితం మీదది కూడా ఉండాలి, ఎందుకంటే రేపు ఈ పని ఇంకొకరు చేతిలోకి తీసుకున్నప్పుడు మీ ఫోన్ వాళ్ళ దగ్గర ఉండదు.

నింపేటప్పుడు వరస ఇలా పెట్టుకోండి: ముందు మీ ఊరు, తర్వాత జిల్లా, తర్వాత రాష్ట్రం, దేశం, చివరికి ప్రపంచం. మామూలుగా అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, ప్రపంచంతో మొదలుపెట్టి ఊరి దాకా రాకుండానే ఆగిపోతారు. మన ప్రాంతానికి సంబంధించిన తేదీలు ఏడాది పొడవునా రోజుకొకటి దొరకవు, అది సహజం. వారానికి ఒకటి దొరికినా చాలా గొప్ప. మిగతా రోజులకు బయటివి వాడుకోవచ్చు.

మొదలుపెట్టడానికి కొన్ని తేదీలు

జనవరి 2 పేజీలో 1517 వేయండి, శ్రీకృష్ణదేవరాయలు తన విగ్రహాన్నీ, ఇద్దరు రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాల్నీ తిరుమల ఆలయంలో పెట్టించిన రోజు. ఇప్పటికీ దర్శనానికి వెళ్ళేవాళ్ళు వాటి పక్కనుంచే వెళ్తారు. ఫిబ్రవరి 10న, 1513లో, ఆయన మొదటిసారి తిరుమలకొచ్చాడు. ఫిబ్రవరి 4 తిరుచానూరులో పుట్టి లోక్‌సభ స్పీకర్ దాకా వెళ్ళిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ పుట్టినరోజు, 1891. డిసెంబర్ 10 కట్టమంచి రామలింగారెడ్డిది, 1880, చిత్తూరు కట్టమంచిలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయిన మనిషి.

ఫిబ్రవరి 28 పేజీని కొంచెం పెద్ద అక్షరాలతో నింపండి. 1919లో ఆ రోజు రవీంద్రనాథ్ ఠాగూర్ అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో, బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉండి, తన జనగణమనని స్వయంగా ఇంగ్లీషులోకి మార్చి రాశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకి స్వరం రాసిపెట్టింది కూడా అక్కడే. రోజూ ప్రేయర్‌లో ఆ పాట పాడే పిల్లలకు ఈ సంగతి తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఏప్రిల్ 1 మన జిల్లాకి రెండుసార్లు ముఖ్యమైన తేదీ. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి వైపు తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తీసుకుని, వాటికి జమీందారీ ప్రాంతాలు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. 1960లో అదే తేదీన సరిహద్దుల మార్పు అమల్లోకి వచ్చి తిరుత్తణి మన జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళిపోయింది. జిల్లా వచ్చిన రోజే జిల్లాలో ఒక ముక్క పోయింది. సెప్టెంబర్ 5 టీచర్స్ డే నాడు ఇది పనికొస్తుంది, ఎందుకంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది ఆ తిరుత్తణిలోనే, చిన్నప్పుడు చదువుకుంది తిరుపతిలోని లూథరన్ మిషన్ స్కూల్లో. అదే సెప్టెంబర్ 5న 2002లో శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు.

శ్రీహరికోట అంటే గుర్తొచ్చింది, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట వైపంతా మన జిల్లాలో కలిసింది కాబట్టి రాకెట్ల తేదీలన్నీ ఇప్పుడు ఊరి తేదీల కిందే లెక్క, ఒక్కసారిగా నోట్‌బుక్‌లో బోలెడు పేజీలు నిండుతాయి. 1971 అక్టోబర్ 9 రోహిణి 125, అక్కణ్ణుంచి ఎగిరిన మొదటి రాకెట్. 2008 అక్టోబర్ 22 చంద్రయాన్ 1. 2013 నవంబర్ 5 మంగళ్‌యాన్. 2017 ఫిబ్రవరి 15 ఒకే రాకెట్‌లో 104 ఉపగ్రహాలు. 2023 జులై 14 చంద్రయాన్ 3. వీటిలో గెలిచినవే ఏరుకోకండి. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వీ 3 ప్రయోగం విఫలమైంది, పదకొండు నెలల తర్వాత 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆగస్టు 10న బోర్డు మీద విఫలమైన ప్రయోగం గురించి రాసి, కింద “జులై 18 చూడండి” అని వేస్తే ఎవరో ఒకరు వచ్చి మీ నోట్‌బుక్ అడుగుతారు.

ఎక్కడ వెతకాలి

పాతవాటికి మన అదృష్టం శాసనాలు. తిరుమల, తిరుపతి ఆలయ గోడల మీద ఉన్న శాసనాలను దేవస్థానం 1930లలోనే సంపుటాలుగా అచ్చు వేసింది, టీటీడీ ఈ-పుస్తకాల సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఎవరు ఏ రోజున ఏం దానం చేశారో, ఏ నైవేద్యానికి ఎంత పొలం ఇచ్చారో, ఆ పొలం ఏ ఊళ్ళో ఉందో అన్నీ ఉంటాయి. మీ ఊరి పేరు అందులో కనిపిస్తే ఆ రోజు మీకు పండగే. బ్రిటిష్ కాలానికి నార్త్ ఆర్కాట్ డిస్ట్రిక్ట్ మాన్యువల్ చూడండి, చిత్తూరు, చంద్రగిరి, పుంగనూరు వైపు సంగతులు చాలా ఉన్నాయి. ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో, చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పాత గెజిటీర్లు, పాత పత్రికల సంపుటాలు ఉన్నాయేమో అడగండి, మొహమాటపడకండి, ఇలాంటివి అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి లైబ్రేరియన్లు సంతోషంగానే వెతికిస్తారు.

పుస్తకాల కంటే సులువైనది ఇంకొకటుంది. ఒక ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే పిల్లల్ని తీసుకుని వీధుల్లో తిరగండి. స్కూళ్ళు, మార్కెట్లు, సత్రాలు, వంతెనలు, వాటర్ ట్యాంకులు, ఆసుపత్రి వార్డులు, వీటన్నిటి మీదా శిలాఫలకాలు ఉంటాయి, తేదీతో సహా. గేటు వెనక సున్నం కింద కప్పబడిపోయినవి కూడా ఉంటాయి, తడిగుడ్డతో మెల్లగా తుడిచి చదవండి, గీకొద్దు. ఫోటో తీసి పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: శంకుస్థాపన వేరు, ప్రారంభోత్సవం వేరు, రెండిటి మధ్య ఏళ్ళు గడిచి ఉండొచ్చు, మీరు బోర్డు మీద రాసేది ఏదో స్పష్టంగా చెప్పండి.

ఇక పెద్దవాళ్ళు. వాళ్ళని “ఏ తేదీ?” అని అడగకండి, ఎవరికీ గుర్తుండదు. “ఏ పండగ ముందు తాతా? ఏ వారం? అప్పుడు మీ ఇంట్లో ఎవరికి పెళ్ళి?” అని అడగండి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైన వాన మీకూ గుర్తుండే ఉంటుంది. కార్తీక పౌర్ణమి ముందువెనకలు, గురువారం అంటారు ఎవర్ని అడిగినా. ఆ ఏడాది క్యాలెండర్ తీస్తే నవంబర్ 18 గురువారం, పత్రికలతో సరిపోతుంది. ఇలాంటివి చరిత్ర కాదనుకోకండి. నడుముల్లోతు నీళ్ళలో పిల్లల్ని భుజాన వేసుకుని నడిచినవాళ్ళు ఆ బోర్డు ముందు ఆగినట్టు పానిపట్టు యుద్ధం ముందు ఆగరు. 2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలిపోవడం కూడా అంతే, రాయలు 1516లో కట్టించిన గోపురం అది, కూలిన రాత్రి ఎక్కడున్నారో ఆ ఊళ్ళో ప్రతి ఒక్కరూ చెప్తారు.

సరిచూడటం, అసలు పని ఇదే

రెండు చోట్ల ఒకే తేదీ కనిపిస్తే రాయొచ్చు అనుకుంటారు చాలామంది. ఆ రెండోది మొదటిదాన్ని చూసి రాసిందైతే అది రెండు కాదు, ఒకటే. పది సైట్లలో ఒకే వాక్యం అక్షరం పొల్లు పోకుండా కనిపిస్తే దాన్ని ఒక్కటిగానే లెక్కేయండి. శాసనం, ప్రభుత్వ ఉత్తర్వు, ఆనాటి పత్రిక, ఆ మనిషిని దగ్గరగా ఎరిగినవాళ్ళు రాసిన జీవిత చరిత్ర, ఇలాంటి వాటిలో ఒక్కటైనా ఉండాలి.

తేదీని ఎలా పట్టి చూడాలో చెప్పడానికి మంచి ఉదాహరణ మద్రాసు దినం. చంద్రగిరి రాజుల ఏలుబడిలోని నేల మీద, వాళ్ళ కింది దామెర్ల నాయకులు, ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డేకి మద్రాసపట్నం రాసిచ్చింది 1639లో. ఆగస్టు 22న జరుపుకుంటారు. కానీ ఆ పట్టా ప్రతుల మీద ఉన్న తేదీ జులై 22. మరి ఆగస్టు ఎందుకయింది? డే మచిలీపట్నం నుంచి బయలుదేరిందే జులై 27న అని కంపెనీ కాగితాల్లో ఉంది. బయలుదేరకముందే ఇక్కడికొచ్చి పట్టా తీసుకోలేడు కదా, అందుకని జులై అన్నది రాతలో దొర్లిన పొరపాటనీ, ఆగస్టు అయ్యుంటుందనీ చరిత్రకారులు తేల్చారు. మీరూ ఇలాగే అడగండి: ఆ మనిషి ఆ రోజున ఆ ఊళ్ళో ఉండే వీలుందా?

పాత తేదీలు మార్చేటప్పుడు తప్పులు ఎక్కువగా దొర్లేది శక సంవత్సరాల దగ్గర. శాసనంలో శక సంవత్సరం, దాని పేరు, మాసం, తిథి ఉంటాయి. శక సంవత్సరానికి 78 కలపమని చెప్తారు, ఉగాది నుంచి డిసెంబర్ దాకా అది సరే, కానీ జనవరి వచ్చాక ఉగాది దాకా 79 కలపాలి. రాయలు మొదటిసారి వచ్చింది శకం 1434, ఆంగీరస. 78 కలిపితే 1512 వస్తుంది, కానీ అది ఫిబ్రవరి కాబట్టి 79 కలపాలి, 1513. సంవత్సరం పేరుతో కూడా సరిచూసుకోవచ్చు: అరవై ఏళ్ళకోసారి అదే పేరు వస్తుంది, 1992 ఉగాది నుంచి 1993 ఉగాది దాకా ఆంగీరస, అందులోంచి 480 తీసేస్తే 1512 నుంచి 1513, సరిపోయింది. తిథిని తేదీగా మార్చడం మాత్రం మీరు నెట్టుకురావొద్దు, పుస్తకం సంపాదకులు ఇచ్చిన తేదీ ఉంటే అది వాడండి, లేకపోతే మాసం దాకా రాసి ఆపండి.

తిథి ప్రకారమే జరుపుకునేవి ఉంటాయి, వాటిని తేదీకి కట్టేయకండి. తాళ్ళపాక అన్నమయ్య పరమపదించింది 1503లో, దుందుభి సంవత్సరం, ఫాల్గుణ బహుళ ద్వాదశి. తిరుపతిలో వర్ధంతి ఏటా ఆ తిథికే చేస్తారు, తేదీ మారిపోతుంటుంది. కాబట్టి నోట్‌బుక్ చివర తిథుల కోసం కొన్ని పేజీలు విడిగా పెట్టుకుని, ఉగాదికి కొత్త పంచాంగం కొన్నప్పుడు ఆ ఏడాది తేదీలు పక్కన పెన్సిల్‌తో వేసుకోండి.

యూరప్ వాళ్ళ తేదీల్లో ఇంకో చిక్కు. 1582 ముందు అంతటా పాత జూలియన్ క్యాలెండర్. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు, పోర్చుగీసువాళ్ళు కొత్తదానికి మారారు, ఇంగ్లీషువాళ్ళు 1752 దాకా మారలేదు. పైగా అప్పటి ఇంగ్లీషు లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే డే తన మనుషులతో మద్రాసులో దిగిన ఫిబ్రవరి 1640 వాళ్ళ కాగితాల్లో 1639గా కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగంలో ఒకే యుద్ధానికి ఫ్రెంచి కాగితంలో ఒక తేదీ, ఇంగ్లీషు కాగితంలో పదకొండు రోజుల ముందు తేదీ ఉంటే కంగారు పడకండి, రెండూ సరే. రాయలకాలం తేదీలను మీరు కొత్త క్యాలెండర్‌లోకి మార్చే పని పెట్టుకోవద్దు, చరిత్ర పుస్తకాలు ఎలా ఇస్తే అలాగే ఉంచండి.

అర్ధరాత్రి దాటాక జరిగినవాటితో కూడా జాగ్రత్త. జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలో పుట్టింది 1895 మేలో, అర్ధరాత్రి దాటి అరగంటకి. గడియారం లెక్కన మే 12, ఇంట్లోవాళ్ళ లెక్కన ఇంకా తెల్లవారలేదు కాబట్టి మే 11. అందుకే పుస్తకాల్లో రెండూ కనిపిస్తాయి. బోర్డు మీద రెండూ రాసి కారణం చెప్పండి, అదే ఆ రోజుకి మంచి కథ. దేశాల టైమ్ తేడా కూడా ఇలాంటిదే: చంద్రుడి మీద మనిషి దిగింది 1969 జులై 20 అని అందరూ రాస్తారు, అమెరికా గడియారానికి అది నిజం, మనకు అప్పటికే 21 తెల్లవారుజామున రెండు కావస్తోంది, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టేసరికి మనకి పొద్దున ఎనిమిదిన్నర. “తిరుపతిలో అప్పుడు టైమెంత?” అని రాస్తే దూరపు సంగతి కూడా దగ్గరికొస్తుంది.

దాచిపెట్టిన చావులు, ఆలస్యంగా తెలిసిన చావులు ఇంకో రకం. హైదర్ చనిపోయాడని తెలిస్తే సైన్యం చెదిరిపోతుందని, మలబారు వైపున్న టిప్పు వచ్చేదాకా బయటికి పొక్కనివ్వలేదు, అందుకే కొన్ని పుస్తకాల్లో 6, ఎక్కువవాటిలో 7. వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలింది 2009 సెప్టెంబర్ 2న, దేశానికి ఖాయంగా తెలిసింది 3న. జరిగిన రోజునే రాయండి, పత్రికలో వచ్చిన రోజు కాదు.

బోర్డు మీద ఎలా రాయాలి

రెండే సంగతులు, మూడు దాటొద్దు. నిలబడి చదివేవాడికి అర నిమిషం కంటే టైమ్ ఉండదు. సంవత్సరం పెద్దగా, తర్వాత ఊరు, తర్వాత ఏం జరిగింది, చివర అది ఇప్పుడు ఎక్కడ కనిపిస్తుందో ఒక వాక్యం. సెప్టెంబర్ 2నే తీసుకోండి. ఆ రోజు నోట్‌బుక్‌లో నాకైతే పేజీ నిండిపోతుంది: 1945లో టోక్యో అఖాతంలో నౌక మీద జపాన్ లొంగుబాటు సంతకాలు, 1752లో బ్రిటన్‌లో పాత క్యాలెండర్ ఆఖరి రోజు (మర్నాడు 14 అయింది), వైఎస్ ప్రమాదం, ఎస్వీ యూనివర్సిటీ, ఆదిత్య. నేనైతే బోర్డు మీద ఇలా రాస్తాను:

“సెప్టెంబర్ 2
1954, తిరుపతి: శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. మీ ఇంట్లో అక్కడ మొదట చదివింది ఎవరో అడిగి రండి.
2023, శ్రీహరికోట: ఉదయం 11.50కి సూర్యుణ్ణి చూడటానికి ఆదిత్య ఎల్1 బయలుదేరింది.”

మిగతావి వచ్చే ఏడాదికి. ఇలా వదిలేసినవాటి పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటే ఏటా ఒకటే బోర్డు పడదు. ఏదైనా సంగతికి యాభై, డెబ్బై ఐదు, వంద ఏళ్ళు నిండే సంవత్సరం వస్తుంటే దానికి ముందు చోటివ్వండి.

జిల్లాల పేర్లు రాసేటప్పుడు ‘అప్పటి’ అన్న మాట మరిచిపోకండి. మదనపల్లె అప్పటి చిత్తూరు జిల్లా, శ్రీహరికోట 2022 దాకా నెల్లూరు జిల్లా. ఇంటిపేరులా అతుక్కున్న ఊరి పేర్లను కూడా నమ్మేయకండి, నటుడు చిత్తూరు నాగయ్య పుట్టింది గుంటూరు వైపు రేపల్లెలో.

నొప్పించే సంగతుల్ని పొడిగా, విశేషణాలు లేకుండా రాయండి. అక్టోబర్ 1న 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, సరిగ్గా యాభై ఏళ్ళకి 2003లో అదే రోజు అలిపిరి దగ్గర మందుపాతరలు పేలి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గాయాలతో బయటపడ్డారు. రెండూ రాయాల్సినవే. రెండోదాంట్లో ఎవరిది తప్పు, ఎవరు గొప్ప అన్న మాట ఒక్కటీ పడనివ్వొద్దు, ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, అంతే. బోర్డు ముందు అన్ని పార్టీలవాళ్ళూ నిలబడతారు, మీరు ఒక్కసారి పక్షం తీసుకుంటే మర్నాటి నుంచి సగంమంది చదవడం మానేస్తారు.

దేవుడి సంగతులు, నమ్మకాలు వస్తే రాత పద్ధతి వేరుగా ఉండాలి. రామానుజాచార్యులు గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఊరు కట్టించారని, 1130 ఫిబ్రవరి 24న అది మొదలైందని 2022లో తిరుపతిలో 892వ పుట్టినరోజు వేడుకలు చేశారు. దాన్ని “ఈ రోజును తిరుపతి ఆవిర్భావ దినంగా జరుపుకుంటారు” అని రాయండి. “పుట్టింది” అనడానికీ “జరుపుకుంటారు” అనడానికీ తేడా తెలిసిన పాఠకుడు మిమ్మల్ని ఎక్కువ నమ్ముతాడు.

తేదీ దొరకనివి, ఖాళీ రోజులు

దామలచెరువు కనుమలో 1740 మేలో మరాఠాలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపారు, పాకాల వైపు వెళ్ళేవాళ్ళు ఇప్పుడు ఆ దారినే పోతుంటారు. నెల ఖాయం, రోజు దగ్గర క్యాలెండర్ల పేచీ ఉంది. ఇలాంటివాటికి ‘ఈ నెలలో’ అని చిన్న అట్టలు చేసి పెట్టుకోండి. ఏడాది మాత్రమే తెలిసినవి ‘ఈ ఏడాదికి ఇన్నేళ్ళు’ అట్టల్లో వేయండి: తిరుమల పాలన 1843లో హథీరాంజీ మఠం మహంతుల చేతికి రావడం, తొంభై ఏళ్ళ తర్వాత దేవస్థానం కమిటీకి మారడం, 1944లో మొదటి ఘాట్ రోడ్డు. ఊరి తేదీ దొరకని రోజున వీటిలోంచి ఒకటి తీసి పెట్టండి, ఏదో ఒకటి రాయాలి కదా అని అనుమానం ఉన్న తేదీ మాత్రం ఎక్కించకండి.

రాసే పని ఒక్కరి నెత్తిన పెట్టుకోకండి. స్కూలైతే వారానికి ఇద్దరు పిల్లలు చొప్పున, ఒకరు నోట్‌బుక్ చూసి చదువుతుంటే ఇంకొకరు రాయాలి, రాశాక అంకెలు వెనక నుంచి ముందుకి చదివి సరిచూడాలి, 1513 కాస్తా 1531 అయ్యేది అక్కడే. అపార్ట్‌మెంట్‌లో అయితే రిటైరైన టీచర్ ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు, అడగండి. పొద్దున ఏడింటికల్లా రాసేయాలి, స్కూలుకి, ఆఫీసుకి బయలుదేరేవాళ్ళ కంట పడేది అప్పుడే. చెరిపేముందు రోజూ ఒక ఫోటో తీయండి.

బోర్డు కింద ఒక చిన్న అట్టపెట్టె, పక్కన చీటీలు, దారానికి కట్టిన పెన్ను పెట్టండి. “తప్పుంటే చెప్పండి, మీకు తెలిసిన తేదీ ఉంటే రాయండి” అని. వచ్చిన చీటీల్లో సగం పుట్టినరోజులే ఉంటాయి, ఫర్వాలేదు, కానీ వాటి మధ్యలోనే “మా చెరువు కట్ట తెగిన రోజు”, “మా ఊరికి కరెంటు వచ్చిన రోజు” లాంటివి వస్తాయి, ఏ పుస్తకంలోనూ ఉండనివి. వాటిని పెద్దవాళ్ళతో, పంచాయతీ రికార్డులతో సరిచూసి నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. తప్పని తేలిన తేదీని నోట్‌బుక్‌లో దిద్ది రాయకండి, ఒక గీత మాత్రం కొట్టి పక్కన సరైనది, సరిచేసిన రోజు వేయండి, కింద పాతది కనబడుతుండాలి. దిద్దుబాటును మర్నాటి బోర్డు మీద మొదటి వాక్యంగా రాయండి. ఏడాదికోసారి, సెలవులకు ముందు, నోట్‌బుక్ మొత్తం జిరాక్స్ తీసి లైబ్రరీలో ఒక కాపీ ఇచ్చేయండి.